డాక్టర్ అంకుల్ మాకేమవుతారు?

అమెరికాలో మా ఫ్రీమాంట్‌లో డాక్టరు కావాలనుకునే పిల్లకు తెలివి కొంచెం తక్కువైనా ఫరవాలేదు, యాక్టివిటీస్ లేకపోతే మాత్రం పుట్టగతులుండవు. ఈ సంగతి నాకు మా అమ్మాయి కాలేజీలో మూడో ఏట ఉన్నప్పుడు తెలిసింది. అప్పటిదాకా మార్కులుంటే చాలనుకున్న అమాయకురాలిని. మార్కులు అందరికీ ఉంటాయట. మార్కులు కాకుండా నువ్వేం చేశావని అడుగుతారట.

మా చుట్టుపక్కల పిల్లలు ఏం చేశారో నేను చూస్తూనే ఉన్నాను. మా వీధి చివరింటి అబ్బాయి పాత కళ్లద్దాలు పోగుచేసి పేద దేశాలకు పంపే సంస్థ ఒకటి పెట్టాడు. వాడు వ్యవస్థాపకుడు, వాడి చెల్లెలు ఉపాధ్యక్షురాలు, వాళ్లమ్మ వాట్సాప్ గ్రూపు. నా పాత జోడు కూడా అడిగి పట్టుకెళ్లారు. ఆ తరువాత ఒకసారి వాళ్ల గరాజ్‌లోకి వెళితే, ఆ కళ్లద్దాల పెట్టెలన్నీ గోడవారగా పేర్చి ఉన్నాయి, వాటి మీద స్కీయింగ్ బూట్లు. అప్పటికి వాడికి సీటు వచ్చేసింది. ఏ పేద దేశమూ బాగుపడలేదు. నా జోడు నాకిచ్చేయమని అడుగుదామనుకుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. మరో అమ్మాయి వేసవి సెలవుల్లో ఎక్కడో కొండదేశానికి వెళ్లి నాలుగు రోజులు జనానికి బీపీ చూసి వచ్చింది. ఆ నాలుగు రోజుల గురించి వాళ్ల నాన్న నాలుగేళ్లుగా చెబుతున్నాడు.

మా అమ్మాయికి ఇవేవీ లేవు. చదువుకునేది, మిగతా వేళల్లో నిద్రపోయేది. కాలేజీలో మెడిసిన్‌కి వెళ్లే పిల్లలకు దారి చెప్పే అడ్వైజర్ ఒకావిడ ఉంటుంది. ఆవిడ మా పిల్ల కాగితాలు చూసి, మార్కులు బాగున్నాయి గాని నువ్వు ఒక్క రోగిని కూడా దగ్గర నుంచి చూడలేదు, ఏ డాక్టరు పక్కనా నిలబడలేదు, ఇలా పంపిస్తే ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు అని చెప్పిందట. డాక్టరు వెంట తిరిగి ఆయన పని చూడటాన్ని షాడోయింగ్ అంటారు. అంటే నీడలా ఉండటం. ఎవరి నీడలా ఉండాలి అంటే మా ఊళ్లో మా అందరికీ తెలిసిన పేరు ఒక్కటే, డాక్టర్ అంకుల్.

ఆయన గుండె డాక్టరు. మేమంతా ఈ దేశం రాకముందే వచ్చి స్థిరపడ్డవారు. సొంత క్లినిక్కు, గుడి బోర్డులో పదవి, ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చేతిలో మైకు. ఊళ్లో తెలుగు పిల్లలందరూ ఆయన్ని డాక్టర్ అంకుల్ అనే అంటారు. అసలు పేరు చాలామందికి తెలియదు. మా అమ్మాయికి మాటలు వచ్చినప్పటి నుంచి ఆయన డాక్టర్ అంకులే, ఆయన భార్య డాక్టర్ ఆంటీయే, ఆవిడ ఏ పరీక్షా పాస్ కాకపోయినా.

వాళ్ల సంగతి నాకు ముందే తెలుసు. వాళ్లమ్మాయి పెళ్లి రిసెప్షన్‌కి మమ్మల్ని ప్రేమగా పిలిచారు. తీరా వెళితే మా ఆయన చేతికి నారింజరంగు చొక్కా ఒకటిచ్చి పార్కింగ్ దగ్గర కార్లు సర్దమన్నారు. 'మనవాళ్లే కదా, మొహమాటం లేకుండా చెబుతున్నా' అన్నది ఆవిడ మాట. పట్టు లాల్చీ మీద ఆ చొక్కా తొడుక్కుని ఆయన సాయంత్రమంతా చేతులూపుతూ నిలబడ్డారు. లోపలికి వచ్చేసరికి బిర్యానీ అయిపోయింది. 'అయ్యో, పెరుగన్నం ఉందిగా' అంది ఆవిడ. మా ఆయన ఆ పెరుగన్నం తిని, బాగుందని కూడా చెప్పారు. ఆయన మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

అయినా పిల్ల కోసం అడిగాను. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక, అందరూ భోజనాలు చేస్తుండగా డాక్టరు గారి దగ్గరికి మా అమ్మాయిని తీసుకెళ్లి సంగతి చెప్పాను.

"ఓస్, ఇంతేనా! మన పిల్లేగా. సోమవారం నుంచి పంపించు. షాడోయింగ్ అంటే ఏముందమ్మా, నా వెనకాల తిరగడమేగా!" అన్నారాయన, హాలంతా వినబడేలా. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత పెద్ద మనసో అన్నట్టు తలలూపారు. ఆ మాట అంటున్నంతసేపూ ఆయన మా అమ్మాయి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గారెల పళ్లెం ఎటు వెళుతోందో చూస్తున్నారు.

ఆ పెద్ద మనసుకు అద్దె మరుసటి వారం నుంచే మొదలైంది. "అమ్మాయ్, ఆదివారం బోర్డు వాళ్లు ఇంటికొస్తున్నారు. నీ పులిహోర అంటే వాళ్లకి ప్రాణం. కొంచెమే, ఒక పాతికమందికి సరిపోయేట్టు" అని ఆవిడ ఫోన్. సన్నీవేల్‌లో ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ వచ్చి చింతపండు నానబెట్టేదాన్ని. మా పెద్ద స్టీలు గిన్నెలో కలిపి తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. గుమ్మం దగ్గరే పుచ్చుకునేది. లోపల ఎవరో ఎవరొచ్చారని అడిగితే, "పులిహోర అమ్మాయి" అని చెప్పడం నా చెవులతో నేను విన్నాను. అప్పటికి ఆవిడకు నా పేరు తెలిసి ఇరవై ఏళ్లయింది.

ఇక క్లినిక్‌లో మా పిల్ల ఎవరి నీడలా ఉందో చెప్పాలి. డాక్టరు వెనకాల తిరిగే భాగ్యం గుడి బోర్డులో ఇంకొకాయన కొడుక్కి దక్కింది. వాడికి తెల్లకోటు కూడా ఇచ్చారు. మా అమ్మాయిని తెలుగు ముసలివాళ్లకు అప్పగించారు. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చినవాళ్లకు, ఒంట్లో బాగాలేకపోతే మన డాక్టరే కదా అని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లకు, ఇంగ్లీషు నర్సుకు మధ్య ఈ పిల్ల మాటలు అందించాలి. ఆయనకే తెలుగు వచ్చు కదా, మధ్యలో ఈ పిల్ల ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించి అడిగితే మా అమ్మాయి చెప్పింది. ఆయన తెలుగు మాట్లాడితే వాళ్లు ఊరి సంగతుల నుంచి మొదలుపెడతారట. అందుకని ముందు నర్సు అంతా రాసేసి, రెండు ముక్కల్లోకి కుదించాకే ఆయన గదిలోకి వస్తారట. వచ్చి ఇంగ్లీషులో మాట్లాడి వెళతారట.

మా అమ్మాయి తెలుగు ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగు. ఒక పెద్దాయన్ని, "తాతగారూ, నొప్పి ఎప్పుడు వచ్చాడు?" అని అడిగిందట.

"నిన్న పొద్దున వచ్చాడమ్మా. ఇంకా కదలనంటున్నాడు. నువ్వైనా చెప్పి పంపించు" అన్నాడట ఆయన.

నర్సు, ఎందుకు నవ్వుతున్నారని అడిగితే మా పిల్లకు చెప్పడం చేతకాలేదట. కాని నేర్చుకుంది. గుండెలో మంటకూ గుండెనొప్పికీ తేడా ఎలా అడగాలో, ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పనిది ఏమిటో, కొడుకు పక్కనుంటే తండ్రి ఎందుకు అంతా బాగుందంటాడో ఇంటికొచ్చి నాకు చెప్పేది. తెల్లకోటు కుర్రాడు ఈలోగా డాక్టరు గారితో ఫోటోలు దిగాడు. క్లినిక్ పనివాళ్ల ముందు వాడు ఆయన్ని డాక్టర్ అని పిలిచేవాడు. మా పిల్ల అలవాటు కొద్దీ, "అంకుల్, నెక్స్ట్ పేషెంట్ రెడీ" అనేది. అందులో తప్పేముందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఏడాది గడిచింది. అప్లికేషన్లు పంపే వేసవి దగ్గరికి వచ్చింది. డాక్టరు గారు సిఫారసు ఉత్తరం రాశారు. ఆ కాలేజీలో ఉత్తరాలన్నీ ముందు అడ్వైజర్ దగ్గరికి వెళతాయి, పిల్లలు చదవకూడదు. 'పిల్ల గురించి ఎంత బాగా రాశానో చూస్తే నీ కళ్లు తిరుగుతాయి' అని ఆయన మా ఆయనతో గుళ్లో అన్నారు. అంత బాగానూ రాశారు.

ఒక మధ్యాహ్నం మా అమ్మాయి కాలేజీ నుంచి నేరుగా ఇంటికి వచ్చింది. బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, డాక్టర్ అంకుల్ మనకు రిలేటెడ్ ఆ?"

"అదేం ప్రశ్నే? కాదుగా."

"ఆర్ యు ష్యూర్? నాన్న సైడ్ కూడా?"

"ఏ సైడూ కాదు. ఏమైంది?"

అడ్వైజర్ పిలిచి నిలదీసిందట. చుట్టాలు రాసిన ఉత్తరాలు పనికిరావు. తమ దగ్గర చేసిన పనిని చుట్టాలే మెచ్చుకుంటే దానికి విలువ ఉండదు. అందుకని ఈ డాక్టరు నీకేమవుతారు అని కాలేజీ ఫారంలో అడుగుతారు, అక్కడ మా పిల్ల ఏమీ కారు అని రాసింది. డాక్టరు గారేమో తన ఉత్తరంలో, ఈ అమ్మాయి పుట్టినప్పటి నుంచి అంకుల్‌గా నేను ఈమె ఎదుగుదలను చూస్తున్నాను, ఈమె మా కుటుంబంలోని పిల్ల అని రాశారు. అనుమానం తీర్చుకోవడానికి క్లినిక్‌కి ఫోన్ చేస్తే, అక్కడ ఎత్తిన అమ్మాయి, "ఓ, డాక్టర్ గారి మేనకోడలా? చాలా మంచి పిల్ల" అందట. ఏడాదిగా అంకుల్, అంకుల్ అని పిలవడం విన్నదాయె.

"షి థింక్స్ ఐ లైడ్, అమ్మా" అంది మా పిల్ల.

ఉత్తరం తిరస్కరిస్తే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. అబద్ధమాడిందన్న పేరు వస్తే ఇక ఎక్కడా తలుపు తెరుచుకోదు. మా అమ్మాయి ఎంత చెప్పినా, మాలో పెద్దవాళ్లందరినీ అంకుల్ అనే అంటామని ఎంత మొత్తుకున్నా, ఆవిడ ఒకటే మాట. నువ్వు పిలవడం సరే, ఆయన తన చేత్తో అంకుల్‌నని ఎందుకు రాశాడు? బంధుత్వం లేదని ఆయన ఒక్క వాక్యం రాసి పంపితే సరిపోతుంది, వారం రోజుల్లో పంపించమను అందట.

ఒక్క వాక్యం. దానికోసం ఆ ఆదివారం పొద్దున నేనూ మా ఆయనా వాళ్లింటికి వెళ్లాం. వాళ్లు భోజనాల బల్ల దగ్గర ఉప్మా తింటున్నారు. బోర్డు వాళ్లు ఇద్దరు, వాళ్ల భార్యలు కూడా ఉన్నారు. "రండి రండి" అన్నారు గాని కుర్చీలు లేవు. నిలబడే సంగతంతా చెప్పాను.

"అంటే? నేను అబద్ధం రాశానంటావా అమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"అబద్ధమని కాదండీ. వాళ్ల లెక్కలో అంకుల్ అంటే అమ్మ తమ్ముడో నాన్న అన్నో అవ్వాలి."

"నాకు ఇంగ్లీషు నేర్పుతున్నావా? మీరు పుట్టకముందు నుంచీ ఈ దేశంలో ఇంగ్లీషులోనే బతుకుతున్నా నేను."

"ఎంత ప్రేముంటే అలా రాస్తారు చెప్పు!" అంది ఆవిడ బల్ల దగ్గరున్న ఆడవాళ్లతో. "ఇంట్లో పిల్లలా చూసుకుంటే ఇదీ మాట. రేపు సీటొచ్చాక డాక్టర్ అంకుల్ ఎవరంటారు కాబోలు."

"మీకూ మాకూ రక్తసంబంధం గాని పెళ్లిసంబంధం గాని లేదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు" అన్నాను.

బోర్డు వాళ్లలో ఒకాయన చెంచా పళ్లెంలో పెట్టి నవ్వాడు. "ఇదెక్కడి విడ్డూరమండీ! డాక్టర్ గారు మా చుట్టమని చెప్పుకోవడానికి ఊరంతా చస్తుంటే, చుట్టం కాదని కాగితం రాయించుకోవడానికి వచ్చారా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వబోయి, నన్ను చూసి ఆగారు.

"కాదులే, నీ నోటితోనే చెప్పమ్మా" అంది ఆవిడ. "మేం మీకేమీ కామా?"

ఇలాంటి ప్రశ్నకు మాలో ఒకటే జవాబు ఉంది. అయ్యో ఎంత మాటండీ, మీరు మాకు తల్లిదండ్రుల్లాంటివారు అనాలి. అది అడిగినవాళ్లకీ తెలుసు, విన్నవాళ్లకీ తెలుసు. మా ఆయన నోరు తెరిచి "అబ్బే, ఆంటీ గారూ…" అని మొదలుపెట్టేశారు కూడా.

"కారు" అన్నాను. "మీరు మాకేమీ కారు. మా ఆయన్ని పార్కింగ్‌లో నిలబెట్టిన రోజే మాకా సంగతి తెలుసు. మీకూ తెలుసు. ఆ తెలిసిందే రాసివ్వమంటున్నాను."

డాక్టరు గారు లేచి, "నేను రాసింది రాశాను" అని లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, నా స్టీలు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా. ఎవరింటి గిన్నె అయినా తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని, కనీసం చిటికెడు పంచదారైనా వెయ్యాలని ఆవిడకు తెలియక కాదు.

కారులో మా ఆయన, "ఒక్క సారీ చెబితే పోయేదిగా" అన్నారు.

"దేనికి? నిజం చెప్పినందుకా?"

"నిజం చెప్పడానికి వెళ్లలేదుగా మనం. ఉత్తరం తెచ్చుకోవడానికి వెళ్లాం."

మిషన్ బులవార్డ్ పొడుగునా అదే మాట. ఆ మనిషికి జీవితమంతా పెరుగన్నమే.

ఇంట్లో మా అమ్మాయి ఎదురుచూస్తోంది. జరిగినదంతా చెప్పాను. నేనన్న మాటలు పొల్లుపోకుండా చెప్పాను, ఎందుకు దాచాలి?

"మీరు మాకేమీ కారు అన్నావా? అలాగే?" అంది.

"అలాగే."

"వెల్, ఇట్స్ ట్రూ" అంది. "బట్ అమ్మా, అది నీకు కావాల్సిన సెంటెన్స్. నాకు కావాల్సిన సెంటెన్స్ రాలేదు."

నేనే వెళ్లి ఆ అడ్వైజర్‌తో మాట్లాడతానన్నాను. మా ఇళ్లలో అంకుల్ అంటే అర్థం ఏమిటో, ఎంత తేలికగా అంటామో, ఎంత తేలికగా వదిలేస్తామో ఆవిడకు అర్థమయ్యేట్టు చెప్పి వస్తానన్నాను. మా పిల్ల నా రెండు భుజాలూ పట్టుకుని, "ప్లీజ్. నువ్వు రావద్దు" అంది. అది కూడా నాకు గుర్తుంది, కాని అది వేరే లెక్క.

ఆ సోమవారం తనే వెళ్లింది. డాక్టరు గారి ఉత్తరం తీసేయమంది, అబద్ధమన్న అనుమానం వెంట రాకుండా క్లినిక్‌లో గడిపిన ఏడాదంతా తన కాగితాల్లోంచి తానే కొట్టేసింది. ముసలాయన గుండెమంట, ఆడవాళ్ల సిగ్గు, నొప్పి వచ్చాడన్న నవ్వు, అన్నీ పోయాయి. చుట్టం దగ్గర చేసింది కనుక లెక్క లేదు. చుట్టం కాదని చెప్పడానికి ఆ చుట్టానికి మనసొప్పలేదు. అది పోతే ఇక మిగిలింది మార్కులే. మార్కులు అందరికీ ఉంటాయి. ఆ వేసవి మా అమ్మాయి అప్లికేషన్ వెళ్లలేదు.

తెల్లకోటు కుర్రాడిది వెళ్లింది. వాడికి డాక్టరు గారు ఏం రాశారో నాకు తెలియదు. వాడికి సీటొచ్చిన సంగతి మాత్రం ఊళ్లో ఉన్న తెలుగువాళ్లంతా విడివిడిగా ఫోన్ చేసి నాకు చెప్పారు. "మరి మీ అమ్మాయి? ఓ, గ్యాప్ ఇయరా? మంచిదేలెండి, రెస్ట్ దొరుకుతుంది" అని కూడా అన్నారు. ఎవరెవరు అన్నారో చెప్పగలను.

రెస్ట్ ఏమీ దొరకలేదు. హేవర్డ్‌లో అర్జెంట్ కేర్ అనే ఒక చిన్న క్లినిక్‌లో మా అమ్మాయి స్క్రైబ్‌గా చేరింది. డాక్టరు రోగిని చూస్తూ మాట్లాడుతుంటే పక్కన కూర్చుని అదంతా కంప్యూటర్‌లో ఎక్కించడం పని. అక్కడ డాక్టరు ఒకావిడ. మన మనిషి కాదు. ఏ గుడికి వెళుతుందో, ఏం తింటుందో మాకెవరికీ తెలియదు. మా పిల్ల తప్పు రాస్తే అందరి ముందే తప్పు అంటుందట, సరిగా రాస్తే ఏమీ అనదట. నెలల తరబడి ఏమీ అనకపోతే నాకు భయం వేసింది. తీరా ఉత్తరం అడిగితే, రాస్తాను గాని నిన్ను ఇంకా కొన్నాళ్లు చూడాలి అందట. చూసింది. రాసింది. ఈసారి అడ్వైజర్ ఎవరినీ పిలవలేదు, ఎక్కడికీ ఫోన్ చేయలేదు. ఈ వేసవి అప్లికేషన్ వెళ్లింది. రెండు చోట్ల నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ఇంకా ఏదీ తేలలేదు.

మొన్న కాఫీ తాగుతూ మా ఆయన అన్నారు, "పాపం, ఆ డాక్టరమ్మ అంత మంచి ఉత్తరం రాసింది. ఒకసారి భోజనానికి పిలుద్దామా?"

"సీటు చేతికొచ్చేదాకా ఆవిడ ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అన్నాను. "భోజనానికి పిలిస్తే మన పిల్ల ఆవిణ్ణి ఆంటీ అంటుంది."